ఆభాకు ల్యాబ్ రిపోర్టులు: పీడీఎఫ్ పంపితే చాలా, కోడ్లతో సహా పంపాలా?

#1 | ఒంగోలు_హెచ్‌ఐఎస్

అందరికీ నమస్కారం. 50 పడకల ఆసుపత్రి. హెచ్‌ఐఎస్ (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్) ఒక వెండర్‌ది, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది. ఏబీడీఎంలో (కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య మిషన్) మొదటి రెండు మెట్లు ఎం1, ఎం2 పూర్తయ్యాయి. కౌంటర్లో ఆభా నంబరు (పేషెంటు ఆరోగ్య ఖాతా నంబరు) తీసుకుంటున్నాం, రిపోర్టులు లింక్ అవుతున్నాయి, పేషెంటు ఫోన్లో తెరుచుకుంటున్నాయి. కానీ వెళ్తున్నదంతా పీడీఎఫే. బయట చేయించిన క్రియాటినిన్, ఇక్కడ చేసిన క్రియాటినిన్ ఒకే గ్రాఫులో కావాలని నెఫ్రాలజిస్టు అడుగుతున్నారు. వెండరేమో "ఫైర్ బండిల్లోనే పెట్టాం, స్టాండర్డ్ ప్రకారమే ఉంది" అంటున్నారు.

ఆ మాట ఎంతవరకు నిజం? విలువలు విడిగా పంపాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకొకరి రికార్డులు మేం తెచ్చుకునే ఎం3 కూడా త్వరలో మొదలుపెడతాం, అందులో జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పండి.

#2 | ఇంటిగ్రేషన్_డెస్క్

వెండర్ చెప్పింది సగం నిజమండి. ఏబీడీఎం వాడేది ఆరోగ్య డేటా మార్పిడికి స్టాండర్డులు తయారుచేసే హెచ్‌ఎల్‌7 వాళ్ల ఫైర్ ఆర్4, అంటే 4.0.1 వెర్షన్. దాని మీద పుణె సీ-డాక్‌లో ఉన్న ఎన్‌ఆర్‌సీఈఎస్ మన దేశానికి ప్రొఫైళ్లు తయారుచేసింది. ల్యాబ్‌కు వర్తించేది డయాగ్నొస్టిక్ రిపోర్ట్ రికార్డ్. అందులో డయాగ్నొస్టిక్‌రిపోర్ట్ రిసోర్సుకు రెండు చోట్లున్నాయి. పీడీఎఫ్ పెట్టేది ప్రెజెంటెడ్‌ఫామ్. ఒక్కో పరీక్ష విలువను అబ్జర్వేషన్‌గా రాసి తగిలించేది రిజల్ట్. మీ వెండర్ మొదటిది నింపి రెండోది ఖాళీగా వదిలేశారు. మనిషి చదువుకోవడానికి అది పనికొస్తుంది. అవతలి సిస్టమ్‌కు మాత్రం అది ఒక బొమ్మ, అందులో క్రియాటినిన్ ఉందన్న సంగతి కూడా దానికి తెలియదు.

రెండూ పంపండి. పీడీఎఫ్ తీసేయొద్దు, పాథాలజిస్టు సంతకం చేసిన రూపం అదే. రేపు తేడా వస్తే సరిచూసుకోవడానికి అది ఉండాలి.

బండిల్ (రిపోర్టు ముక్కలన్నీ కలిపిన మూట) కట్టేటప్పుడు తప్పులు పడే చోట్లు చెప్తాను. బండిల్ టైపు డాక్యుమెంట్. కాబట్టి మొదటి ఎంట్రీ కంపోజిషనే (విషయసూచిక లాంటిది) కావాలి, బండిల్‌కు ఐడెంటిఫయర్, టైమ్‌స్టాంప్ తప్పనిసరి. కంపోజిషన్ టైపుకు స్నోమెడ్ (వైద్య పదాల కోడ్ల జాబితా) కోడ్ 721981007 పెట్టాలి. ఆ తర్వాత పేషెంట్, ప్రాక్టీషనర్, ఆర్గనైజేషన్, స్పెసిమెన్, డయాగ్నొస్టిక్‌రిపోర్ట్, అబ్జర్వేషన్లు. అన్నిటికంటే ఎక్కువగా పడే తప్పు రిఫరెన్సులది. ఎంట్రీకి ఫుల్‌యూఆర్‌ఎల్ ఒక యూయూఐడీతో ఇచ్చి, లోపల రిఫరెన్సు దగ్గర "పేషెంట్/1" అని రాస్తారు. రెండూ కలవవు. పంపేవాళ్ల దగ్గర ఎర్రర్ రాదు, అవతల రిపోర్టు తెరిస్తే పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

పీడీఎఫ్‌ను బేస్64లోకి మారిస్తే సైజు మూడో వంతు పెరుగుతుంది. 3 ఎంబీ ఫైలు 4 ఎంబీ అవుతుంది. లెటర్‌హెడ్ రంగుల బొమ్మతో స్కాన్ చేసి పంపే అలవాటు ఉంటే మానేయండి. సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్ చిన్నగా ఉంటుంది.

హెచ్‌ఎల్‌7 వాళ్ల జావా వ్యాలిడేటర్ ఉచితం. దానికి ఎన్‌ఆర్‌సీఈఎస్ ప్యాకేజీ ఇచ్చి మీ బండిల్‌ను నడపండి. శాండ్‌బాక్స్‌లో (ఏబీడీఎం వాళ్ల పరీక్ష సర్వర్లో) పాసయింది కదా అని ఊరుకోవద్దు.

#3 | పాథాలజీ_కౌంటర్

బండిల్ కట్టడం ఒక ప్రోగ్రామర్ చేసేయగలడు. అసలు శ్రమంతా కోడ్ల పట్టికలో ఉంది, ఆ పని ల్యాబ్ వాళ్లే చేయాలి.

పరీక్షలకు లోయింక్ కోడ్లు, యూనిట్లకు యూకమ్, పాజిటివ్, నెగటివ్ లాంటి ఫలితాలకు స్నోమెడ్ సీటీ. మన దేశానికి సభ్యత్వం ఉంది కాబట్టి ఇక్కడ స్నోమెడ్ వాడకానికి ఫీజు లేదు, లోయింక్ కూడా ఉచితమే. మొత్తం మెనూ ఒకేసారి పెట్టుకోవద్దు. సీబీపీ, షుగరు, క్రియాటినిన్, యూరియా, ఎలక్ట్రోలైట్లు, లివర్ ప్రొఫైల్, లిపిడ్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీతో మొదలుపెడితే రోజూ వచ్చే వాటిలో చాలాభాగం వచ్చేస్తాయి.

షుగరు చూడండి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్లో "గ్లూకోజ్" అని ఒకే కోడ్ ఉండి, పక్కన ఫాస్టింగ్, పోస్ట్ లంచ్, ర్యాండమ్ అని టెక్నీషియన్ టైప్ చేసే పద్ధతి చాలా చోట్ల ఉంది. లోయింక్‌లో ఇవి మూడు వేర్వేరు. ఫాస్టింగ్ 1558-6, తిన్నాక 2 గంటలకు తీసేది 1521-4, ర్యాండమ్ 2345-7. వార్డులో గ్లూకోమీటరుతో వేలి నుంచి తీసింది 41653-7, దాన్ని వీటితో కలపకూడదు. తిన్నాక వచ్చిన 180ని ఫాస్టింగ్ కోడ్ మీద పంపితే, అవతలి డాక్టరు మందు పెంచుతారు.

ప్లేట్‌లెట్లు దీనికన్నా ప్రమాదం. మన రిపోర్టుల్లో "1.5 లక్షలు" అని ఉంటుంది. లోయింక్ 777-3కు అందరూ వాడే యూనిట్ మైక్రోలీటరుకు వేలల్లో. అంటే 1.5 లక్షలు అక్కడ 150 కావాలి. గుణించకుండా 1.5 అలాగే వెళ్తే మైక్రోలీటరుకు 1,500 ప్లేట్‌లెట్లని చదువుకుంటారు, డెంగీ సీజన్లో ఆ అంకె చూసి రక్తం ఏర్పాటుకు పరుగు పెడతారు. ఇంకోటి, "1,50,000" అని మన పద్ధతిలో కామాలు పెట్టిన టెక్స్టును కొన్ని ప్రోగ్రాములు మొదటి కామా దగ్గరే ఆపేసి 1 అని తీసుకుంటాయి. టోటల్ కౌంట్ 8,000 అయితే అదే యూనిట్లో 8. క్యూబిక్ మిల్లీమీటరు, మైక్రోలీటరు రెండూ ఒకటే, అక్కడ మార్చాల్సింది ఏమీ లేదు.

మీ నెఫ్రాలజిస్టు గారి గ్రాఫు సంగతి. సీరమ్ క్రియాటినిన్ 2160-0. ఈ కోడ్‌లో పద్ధతి చెప్పరు. జాఫే పద్ధతిలో చేసినా ఎంజైమాటిక్‌లో చేసినా ఇదే కోడ్. జాఫేలో కీటోన్లు విలువను పెంచి చూపిస్తాయి, బిలిరుబిన్ ఎక్కువుంటే తగ్గించి చూపిస్తుంది. ఆసుపత్రి మారినప్పుడు 1.3 కాస్తా 1.5 అయితే అది కిడ్నీదా, పద్ధతిదా అన్నది డాక్టరుకు తెలియాలి. కాబట్టి అబ్జర్వేషన్లో మెథడ్ దగ్గర పద్ధతి పేరు తప్పకుండా రాయండి. ఈజీఎఫ్‌ఆర్‌కు (క్రియాటినిన్ నుంచి లెక్కకట్టే కిడ్నీ పనితీరు) సూత్రం పేరు కోడ్‌లోనే ఉంటుంది. 2021 సీకేడీ-ఎపీ సూత్రానికి 98979-8. పాత సూత్రంతో లెక్కకట్టి ఈ కోడ్ పెట్టకూడదు.

అంకె కాని ఫలితాలను అంకెల పెట్టెలో కుక్కొద్దు. టీఎస్‌హెచ్ "0.01 కంటే తక్కువ" వస్తే కంపారేటర్ ఫీల్డు విడిగా ఉంది, గుర్తును అందులో పెట్టి 0.01 విలువగా పంపాలి. గుర్తు ఊడిపోతే అర్థమే మారుతుంది. వైడల్ 1:80ని నిష్పత్తిగా పంపండి, లేదంటే టెక్స్టుగా. డెంగీ ఎన్‌ఎస్1కు పాజిటివ్ 10828004, నెగటివ్ 260385009.

#4 | ఒంగోలు_హెచ్‌ఐఎస్

చాలా స్పష్టంగా చెప్పారు, థ్యాంక్సండి. మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్ హెచ్‌ఎల్‌7 వీ2 (ఫైర్ కంటే పాత స్టాండర్డు) మెసేజీలు ఇవ్వగలదట. మరి ఫైర్‌లోకి మార్చే పని ఎక్కడ జరగాలి? ల్యాబ్ వెండర్ దగ్గరా, హెచ్‌ఐఎస్ దగ్గరా?

#5 | ఇంటిగ్రేషన్_డెస్క్

మధ్యలో ఒక ఇంటిగ్రేషన్ ఇంజిన్ (మెసేజీలను మార్చి పంపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే మంచిది. పట్టిక మీ చేతిలో ఉంటుంది, వెండర్ మారినా పోదు. మిర్త్ కనెక్ట్ అందరికీ తెలిసిందే. అయితే 4.6 వెర్షన్ నుంచి అది ఓపెన్ సోర్సు కాదు, లైసెన్సు కొనాలి. పాత వెర్షన్ మీద ఉంటే సెక్యూరిటీ ప్యాచీల సంగతి ముందే ఆలోచించుకోండి.

ల్యాబ్ నుంచి వచ్చేది ఓఆర్‌యూ ఆర్01 (పరీక్ష ఫలితం) మెసేజీ. ఓబీఆర్ సెగ్మెంటు డయాగ్నొస్టిక్‌రిపోర్ట్ అవుతుంది, ఒక్కో ఓబీఎక్స్ ఒక్కో అబ్జర్వేషన్ అవుతుంది. ఓబీఎక్స్-3 పరీక్ష కోడ్, 5 విలువ, 6 యూనిట్, 7 నార్మల్ రేంజి, 11 స్టేటస్. ఈ 11ను వదిలేసేవాళ్లే ఎక్కువ. అందులో పీ ఉంటే ప్రాథమిక ఫలితం, ఎఫ్ ఉంటే ఫైనల్, సీ ఉంటే సరిదిద్దినది. సీ వచ్చినప్పుడు కొత్త అబ్జర్వేషన్ సృష్టిస్తే, అవతల పాతదీ కొత్తదీ రెండూ కనపడతాయి. పొటాషియం 6.8 అని ముందు వెళ్లి, రక్తం హీమోలైజ్ అయిందని తేలి 4.4గా సరిదిద్దితే గ్రాఫులో రెండు చుక్కలు పడతాయి. అదే ఐడెంటిఫయర్‌తో స్టేటస్‌ను కరెక్టెడ్ అని మార్చి పంపాలి.

రవాణా ఎంఎల్‌ఎల్‌పీ (వీ2 మెసేజీలు నెట్‌వర్క్‌లో పంపే పద్ధతి) మీద. మెసేజీ ముందు హెక్స్ 0బీ, చివర 1సీ, 0డీ. సెగ్మెంట్ల మధ్య ఉండాల్సింది క్యారేజ్ రిటర్న్. లైన్‌ఫీడ్ పెట్టి పంపే సాఫ్ట్‌వేర్లున్నాయి, అప్పుడు మెసేజీ మొత్తం ఒకే సెగ్మెంటుగా కనపడి ఏఈ (ఎర్రర్) అక్నాలెడ్జ్‌మెంట్ వస్తుంది. ఆ తిరుగుటపాను ఎవరూ చూడకపోతే రిపోర్టు క్యూలోనే ఆగిపోతుంది. ఏఈ, ఏఆర్ (తిరస్కరణ) వచ్చిన ప్రతి మెసేజీకి అలర్టు పెట్టండి.

పట్టికలో కనీసం ఇవి ఉండాలి: లోకల్ కోడ్, రిపోర్టు మీద అచ్చయ్యే పేరు, శాంపిల్ రకం, పద్ధతి, లోకల్ యూనిట్, గుణకం, లోయింక్, యూకమ్ యూనిట్, ఏ తేదీ నుంచి అమలు, ఏ పాథాలజిస్టు ఒప్పుకున్నారు. ఆ "ఏ తేదీ నుంచి" గడి లేకుండా మొదలుపెట్టొద్దు. కిట్ మారినప్పుడు పాత లోకల్ కోడ్‌నే కొత్త పరీక్షకు వాడేస్తారు. తేదీ లేకపోతే పాత ఫలితాలు కూడా కొత్త కోడ్ కిందకు వెళ్లిపోతాయి. అబ్జర్వేషన్లో లోయింక్‌తో పాటు లోకల్ కోడ్‌ను కూడా రెండో కోడింగ్‌గా ఉంచండి. మ్యాపింగ్ తప్పని తేలిన రోజు వెనక్కి వెళ్లడానికి దారి ఉంటుంది.

#6 | గోదారిగట్టు

కోడ్లన్నీ సరిగ్గా పెట్టి, రిపోర్టు వేరే మనిషి ఖాతాలో పడితే ఏం లాభం? ఒంగోలు గారూ, పేషెంటు మ్యాచింగ్ సంగతి మీ వెండర్ని గట్టిగా అడగండి. తెలుగు పేర్లతో ఇది మామూలు చిక్కు కాదు.

ఆభాలో పేరు ఆధార్‌లో ఉన్నట్టు వస్తుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. "కొత్తపల్లి వెంకట లక్ష్మి", "కె వెంకటలక్ష్మి", "వెంకట లక్ష్మమ్మ కె" ముగ్గురూ ఒకరే కావచ్చు, తోడికోడళ్లు కూడా కావచ్చు. ఇంగ్లిషు స్పెల్లింగులో లక్ష్మి ఒక్కటే నాలుగైదు రకాలుగా రాస్తారు. ఇంగ్లిషు పేర్లను ఉచ్చారణను బట్టి పోల్చడం కోసం తయారైన సౌండెక్స్‌ను మన పేర్ల మీద పెడితే వేరే పేర్లను కలిపేస్తుంది, ఒకే పేరును విడదీస్తుంది.

ఫోన్ నంబరుది ఇంకో తంటా. ఇంట్లో అత్తగారికి, మామగారికి, పిల్లలకు అందరికీ కొడుకు నంబరే రాయిస్తారు. వయసు పైబడిన చాలామందికి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది, అది కూడా అంచనా. హెచ్‌ఐఎస్‌లో "వయసు 60" అని రాస్తే సాఫ్ట్‌వేర్ ఈరోజు నుంచి వెనక్కి లెక్కేసి పుట్టినరోజు సృష్టిస్తుంది. రెండేళ్ల తర్వాత వచ్చి మళ్లీ 60 అంటే పుట్టిన సంవత్సరం కూడా మారిపోతుంది.

పేషెంటు తన యాప్ నుంచి మీ ఆసుపత్రిని వెతికినప్పుడు డిస్కవరీ రిక్వెస్టులో పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, ధ్రువీకరించిన మొబైల్, ఉంటే ఆభా నంబరు, పేషెంటు టైప్ చేసిన ఎంఆర్ (ఆసుపత్రి రికార్డు) నంబరు వస్తాయి. ఈ వరుసలో చూడండి. ఆభా నంబరు మీ దగ్గర ముందే ఉంటే పని అయిపోయింది. లేకపోతే మొబైల్‌తో వడపోసి, లింగం, పుట్టిన సంవత్సరం, పేరు మూడూ చూడాలి. పేరును ముక్కలు చేసి, ఒక్క అక్షరం ముక్కల్ని ఇంటిపేరు పొడి అక్షరాలుగా పక్కన పెట్టి, మిగతా ముక్కల్ని వరుసతో పని లేకుండా పోల్చాలి. చివర ఒక్కరికంటే ఎక్కువ మిగిలితే ఎవరినీ చూపించొద్దు. ఎంఆర్ నంబరు అడగండి, అదీ లేకపోతే కౌంటర్‌కు రమ్మనండి.

#7 | ల్యాబ్‌లింక్_వరంగల్

అన్నా, చివర్లో చెప్పింది నాకు ఎక్కువనిపిస్తోంది. అలా చేస్తే సగం మందికి "రికార్డు దొరకలేదు" అని వస్తుంది. మొబైల్ ఓటీపీ సరిపోయాక పేరు కాస్త అటూ ఇటూ ఉన్నా ఇచ్చేయొచ్చు కదా. పేషెంటు తనది కాని రిపోర్టును తనే గుర్తుపడతాడు.

#8 | గోదారిగట్టు

తమ్ముడూ, ఓటీపీ చెప్పేది ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది మాత్రమే. రిపోర్టు ఎవరిదో అది చెప్పదు. కోడలి రిపోర్టు అత్తగారి ఖాతాలో లింక్ అయిందనుకో, ఆ ఫోన్ చూసే కొడుకుకు పేరు తేడా కనపడకపోవచ్చు. మూడు నెలల తర్వాత వేరే ఊళ్లో డాక్టరు అత్తగారి బ్లడ్ గ్రూపు అందులోంచే చదువుతారు. దొరకలేదంటే పేషెంటు కౌంటర్‌కు వస్తాడు, సరిచేసుకుంటాం. తప్పుగా కలిసినదాన్ని విడదీయడానికి మాత్రం అది అప్పటికే ఎవరెవరికి చేరిందో వెతకాలి.

నువ్వన్న ఇబ్బంది తగ్గాలంటే దారి వేరే ఉంది. రిజిస్ట్రేషన్ దగ్గరే స్కాన్ అండ్ షేర్ పెట్టాలి. పేషెంటు క్యూఆర్ స్కాన్ చేస్తే ఆభా నుంచి పేరు, వివరాలు నేరుగా వస్తాయి, టైపింగ్ తప్పులుండవు. ఆ తర్వాత వచ్చే విజిట్లన్నిటినీ ఆసుపత్రే తన వైపు నుంచి లింక్ చేయొచ్చు, డిస్కవరీ అవసరమే రాదు.

#9 | డల్లాస్_తెలుగు

పీడీఎఫ్ చాలా అన్న ప్రశ్నకు ఇక్కడి నుంచి ఒక కోణం. అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి అమెరికా వచ్చినప్పుడు ఆసుపత్రి ఫైలంతా ఫోన్లో పీడీఎఫ్‌గా తెస్తారు. ఇక్కడి డాక్టరుకు అది చదవడానికి టైము ఉండదు, సిస్టమ్‌లోకి ఎక్కదు కూడా. ఎక్కగలిగింది సీ-సీడీఏ (ఇక్కడి సిస్టమ్‌లు చదివే ఫార్మాటు) డాక్యుమెంటు, లేదా ఫైర్‌లో ఇంటర్నేషనల్ పేషెంట్ సమ్మరీ. ఐఎస్‌ఓ 27269 అన్నది దీనికి ఆధారమైన స్టాండర్డ్, 2021లో వచ్చింది. అందులో తప్పనిసరి సెక్షన్లు మూడే: జబ్బులు, మందులు, ఎలర్జీలు. మన ఆసుపత్రులు కోడ్లతో డిశ్చార్జ్ సమ్మరీ ఇస్తే దాన్నుంచి ఇది తయారుచేయడం కష్టం కాదు.

చిక్కంతా మందుల దగ్గర. మన బ్రాండు పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు, కొన్ని జెనరిక్ పేర్లు కూడా వేరు. పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటరాల్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్. షుగరుకు మన దగ్గర అందరూ రాసే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర ఇక్కడ అమ్మకంలో లేదు. బ్రాండు కోడ్ ఒక్కటే పంపితే దేనితోనూ కలవదు. మందుల లిస్టులో ప్రతి కాంబినేషన్‌కు లోపలి మందులు, వాటి మోతాదులు విడిగా రాయండి: గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. అని.

తేదీలు కూడా. 05/03/2024 అని కాగితం మీద ఉంటే ఇక్కడ మే 3 అని చదువుతారు. పీడీఎఫ్‌లో నెల పేరు అక్షరాల్లో ఉండాలి. గల్ఫ్ నుంచో, బ్రిటన్ నుంచో రిపోర్టులు తెచ్చేవాళ్లకు షుగరు మిల్లీమోల్‌లో ఉంటుంది. 7.0 అంటే మన లెక్కలో 126, 18తో గుణించాలి. దాని లోయింక్ కూడా వేరే, 14749-6. క్రియాటినిన్ మైక్రోమోల్‌లో ఉంటే 88.4తో భాగించాలి.

#10 | ఫార్మసీ_డెస్క్

మందుల గురించి డల్లాస్ గారు చెప్పినదానికి ఇంకొంచెం. మన దేశంలోని బ్రాండులకు ఎన్‌ఆర్‌సీఈఎస్ వాళ్లు స్నోమెడ్‌కు డ్రగ్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేస్తారు. బ్రాండు కోడ్ నుంచి లోపలి మందుల కోడ్‌కు లింకు అందులోనే ఉంది. ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండులతో ఒకే మందు రాసినప్పుడు పట్టుకోవాలంటే ఆ లింకు కావాలి.

మోతాదు దగ్గర 1-0-1 అని టెక్స్టు మాత్రమే పంపుతారు. టెక్స్టు ఉంచండి, దాంతోపాటు టైమింగ్ ఫీల్డులో రోజుకు 2 సార్లు అనీ, ఉదయం, రాత్రి అనీ విడిగా పెట్టండి. ఎస్‌ఓఎస్ అంటే యాజ్ నీడెడ్ (అవసరమైతేనే) గుర్తు పెట్టాలి. అది పెట్టకపోతే నొప్పి ఉన్నప్పుడు మాత్రమే వేసుకోమన్న మాత్ర రోజువారీ మందుగా అవతల కనపడుతుంది. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌కు పీరియడ్ యూనిట్ వారం అని ఉందో లేదో మనిషే చూడాలి. డిఫాల్ట్ రోజు అని పడితే ప్రాణం మీదకొస్తుంది. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మిల్లీగ్రాములుగా మారే ప్రమాదం కూడా ఇలాంటిదే.

#11 | ఒంగోలు_హెచ్‌ఐఎస్

ఎం3 శాండ్‌బాక్స్‌లో మొదలుపెట్టాం. కన్సెంట్ వస్తోంది, డేటా కూడా మా యూఆర్‌ఎల్‌కు వస్తోంది, డీక్రిప్ట్ మాత్రం అవడం లేదు. మా వాళ్లు నోడ్‌జేఎస్‌లో రాశారు. కొన్ని రిక్వెస్టులకు ఆథరైజేషన్ ఎర్రర్ కూడా వస్తోంది.

#12 | ఇంటిగ్రేషన్_డెస్క్

డీక్రిప్షన్ సంగతి ముందు. కర్వ్25519 అని డాక్యుమెంటులో ఉంది కదా అని అందరూ ఎక్స్25519 ఫంక్షన్ వాడతారు. ఏబీడీఎంలో వాడుకలో ఉన్నది బౌన్సీక్యాజిల్ లైబ్రరీలోని రూపం, అంటే అదే కర్వ్‌ను వైర్‌స్ట్రాస్ సమీకరణంలో రాసినది. అందుకే మీకు వచ్చే పబ్లిక్ కీ 65 బైట్లు ఉంటుంది, బేస్64లో 88 అక్షరాలు. ఎక్స్25519కు కావాల్సింది 32 బైట్లు. కొందరు 65లోంచి 32 బైట్లు కత్తిరించి ఇచ్చేస్తారు. ప్రోగ్రాము నడుస్తుంది, షేర్డ్ సీక్రెట్ మాత్రం తప్పు వస్తుంది. కొందరు కీని ఎక్స్.509 రూపంలో పంపుతారు, దాన్ని కూడా చదవగలగాలి.

తర్వాతి మెట్లు ఇవి. ఇద్దరి నాన్సులు (ఒక్కసారికే వాడే ర్యాండమ్ సంఖ్యలు) 32 బైట్ల చొప్పున ఉంటాయి, బేస్64 విప్పాక వాటిని ఎక్సార్ చేయాలి. వచ్చినదాంట్లో మొదటి 20 బైట్లు సాల్ట్, చివరి 12 బైట్లు ఐవీ. షేర్డ్ సీక్రెట్‌ను ఆ సాల్ట్‌తో షా-256 హెచ్‌కేడీఎఫ్‌లో పెట్టి 32 బైట్ల కీ తీయాలి. దాంతో ఏఈఎస్-256 జీసీఎం. నోడ్‌లో ఇంకో మెలిక ఉంది. జావా వైపు నుంచి వచ్చే సైఫర్‌టెక్స్టు చివర 16 బైట్లు ఆథెంటికేషన్ ట్యాగ్ అంటుకుని ఉంటుంది, నోడ్ దాన్ని విడిగా అడుగుతుంది. కోసి ఇవ్వకపోతే ఎప్పటికీ ఫెయిలే. ఫిడీలియస్ (ఏబీడీఎం ఎన్‌క్రిప్షన్ చేసి చూపే) టూల్‌తో ఒకే ఇన్‌పుట్ ఇచ్చి, షేర్డ్ సీక్రెట్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పోల్చుకుంటూ రండి. ఎక్కడ విడిపోతుందో అక్కడే తప్పు.

ఆథరైజేషన్ ఎర్రర్‌కు ముందు సర్వర్ గడియారం చూడండి. టైమ్‌స్టాంప్ యూటీసీలో, మిల్లీసెకన్లతో ఉండాలి. మన టైము వేసి చివర జెడ్ తగిలిస్తే అయిదున్నర గంటలు ముందుకెళ్లినట్టు. ఇదే తప్పు రిపోర్టు లోపల కూడా జరుగుతుంది. తేదీని రాత్రి 12 గంటలుగా తీసుకుని యూటీసీలోకి మారిస్తే ముందు రోజు పడుతుంది. 5వ తేదీ రిపోర్టు 4వ తేదీది అవుతుంది, పుట్టినరోజు కూడా ఒకరోజు వెనక్కి జరుగుతుంది. పుట్టినరోజుకు తేదీ మాత్రమే పంపండి. శాంపిల్ తీసిన సమయానికి +05:30 రాయండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి: గేట్‌వే (ఏబీడీఎం మధ్యవర్తి సర్వర్) దగ్గర ప్రతిదీ అసింక్రనస్. 202 వచ్చిందంటే రిక్వెస్టు అందిందని మాత్రమే అర్థం. అసలు జవాబు మీ కాల్‌బ్యాక్ యూఆర్‌ఎల్‌కు వస్తుంది. రికార్డు డేటా గేట్‌వే గుండా రాదు, అవతలి ఆసుపత్రి నుంచి నేరుగా మీరిచ్చిన యూఆర్‌ఎల్‌కు వస్తుంది. ఫైర్‌వాల్‌లో గేట్‌వేకు మాత్రమే దారి తీసి పెడితే కన్సెంట్ వరకు అంతా బాగుండి, డేటా దగ్గర ఆగిపోతుంది.

#13 | కన్సెంట్_కమిటీ

ఎం3 అన్నారు కాబట్టి, ఇది కోడ్ రాసేవాళ్లకు వదిలేసే విషయం కాదు. కన్సెంట్ ఆర్టిఫాక్ట్‌లో (పేషెంటు ఇచ్చిన డిజిటల్ అనుమతి పత్రం) ఎందుకు కావాలి, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎప్పుడు చెరిపేయాలి అన్నవన్నీ ఉంటాయి. ఒక్కో ఆసుపత్రికి ఒక్కో ఆర్టిఫాక్ట్ వస్తుంది. డిఫాల్టుగా అన్ని రకాలూ, పదేళ్ల వెనక్కి అని పెట్టేస్తున్నారు. మోకాలి నొప్పికి వచ్చిన మనిషి పాత మానసిక వైద్యం రికార్డులు మీకెందుకు? స్పెషాలిటీవారీగా డిఫాల్టులు పెట్టండి. డేటా-ఎరేజ్-ఎట్ తేదీ వచ్చినప్పుడు నిజంగా చెరిపే జాబ్ ఉండాలి, బ్యాకప్‌లోనూ. డాక్టరు అందులోంచి చదివి తన నోట్సులో రాసుకున్నది మీ రికార్డు, అది ఉంటుంది.

హెచ్‌ఐపీగా (రికార్డులు ఇచ్చేవాళ్లుగా) మీ వైపు కూడా చూసుకోండి. కేర్ కాంటెక్స్ట్‌కు (ఆభాకు లింక్ చేసే ఒక్కో రికార్డుల గుంపు) పెట్టే డిస్‌ప్లే పేరు రికార్డు తెరవకముందే, లింక్ చేసేటప్పుడే స్క్రీన్ మీద కనపడుతుంది. "ఏఆర్‌టీ క్లినిక్ విజిట్", "సైకియాట్రీ ఓపీ" అని అక్కడ రాస్తే హెచ్‌ఐవీ మందులకో, మానసిక వైద్యానికో వచ్చారని ఫోన్ పట్టుకున్న ఎవరికైనా తెలిసిపోతుంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం, అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రెండూ గోప్యత తప్పనిసరి అంటున్నాయి. "ఓపీ విజిట్, 5 మార్చి 2024" అంటే చాలు. విజిట్‌కు ఒక కేర్ కాంటెక్స్ట్ పెట్టండి. మనిషికంతా ఒకటే పెడితే ఒక్క విజిట్‌ను ఆపుకునే వీలు పేషెంటుకు ఉండదు.

ఓటీపీ కౌంటర్లో గట్టిగా చదివించుకుని సిబ్బందే ఓకే కొట్టే అలవాటు ఆపాలి. ఏది ఎవరికి ఇస్తున్నారో తెలుగులో నాలుగు లైన్లు అచ్చు వేసి కౌంటర్ మీద పెట్టండి.

#14 | ల్యాబ్‌లింక్_వరంగల్

తెలుగు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. పేరు తెలుగులో కూడా పంపాలంటే వీ2 మెసేజీలో ఎంఎస్‌హెచ్-18 దగ్గర యూనికోడ్ యూటీఎఫ్-8 అని ఉండాలి. లేకపోతే అవతల ప్రశ్నార్థకాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, వత్తులూ గుణింతాలూ విడిగా లెక్క. "లక్ష్మి" ఒక్క మాటే 21 బైట్లు. డేటాబేసులో పేరు గడి 50 బైట్లని ఉంటే ఇంటిపేరుతో సహా రాసిన పేరు మధ్యలో తెగుతుంది. అను ఫాంట్లలో టైప్ చేసిన సలహా పత్రాలు పీడీఎఫ్‌లో చూడ్డానికి తెలుగులాగే ఉంటాయి, టెక్స్టు తీస్తే పిచ్చి గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా బండిల్లో టెక్స్టుగా పెట్టొద్దు.

#15 | ఒంగోలు_హెచ్‌ఐఎస్

ట్యాగ్ 16 బైట్లు విడదీశాక, కర్వ్ లైబ్రరీ మార్చాక డీక్రిప్ట్ అయింది. అందరికీ ధన్యవాదాలు. చివరగా ఒకటి: పాత రిపోర్టులు చాలా ఉన్నాయి. వాటికి కూడా ఇప్పుడు లోయింక్ కోడ్లు వేసి పంపాలా?

#16 | పాథాలజీ_కౌంటర్

ఊహించి వేయొద్దు. పాత గ్లూకోజ్ ఫాస్టింగో కాదో, పాత క్రియాటినిన్ ఏ పద్ధతో రాసి లేనప్పుడు కోడ్ వేస్తే అది మనం కల్పించిన సమాచారం అవుతుంది. ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీకి ముందువి పీడీఎఫ్‌గానే హెల్త్ డాక్యుమెంట్ రికార్డ్ కింద వెళ్లాలి. ఆ తేదీ నుంచి పట్టిక ప్రకారం కోడ్లతో వెళ్లాలి. మీ నెఫ్రాలజిస్టు గారికి డయాలసిస్ పేషెంట్ల పాత క్రియాటినిన్‌లు మాత్రం కావాలంటే, ఆ మెషీన్, కిట్ రికార్డులు దొరికినంత వరకు వెనక్కి వెళ్లి పద్ధతి ఖాయం చేసుకుని వేయండి.

లైవ్ వెళ్లే ముందు ఈ శాంపిల్ రిపోర్టులు పంపి, అవతలి స్క్రీన్ మీద మీ పాథాలజిస్టు కళ్లారా చూడాలి: 18,000 ప్లేట్‌లెట్లు ఉన్నది, టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ ఉన్నది, సరిదిద్దిన పొటాషియం, హీమోలైజ్ అయిందని తిరస్కరించిన శాంపిల్, ఎదుగుదల లేని యూరిన్ కల్చర్, ఒకేరోజు తీసిన మూడు షుగర్లు, ఇంటిపేరు వెనక ఉన్న పేషెంటు, రాత్రి 12 దాటాక 10 నిమిషాలకు తీసిన శాంపిల్. మామూలు రిపోర్టు ఏ వెండర్ డెమోలోనైనా బాగానే కనపడుతుంది. ఇవి సరిగ్గా కనపడ్డాకే సంతకం పెట్టండి.